విడిపోయిన భార్యకు అన్నం ఎవరు పెట్టాలి? అంబేద్కర్ జీవితంలో మనోవర్తి ప్రశ్న

1953 జనవరి 12న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్‌కు ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డి.లిట్. ఇచ్చింది. మా క్యాంపస్‌లో ఏ విద్యార్థి సంఘం సభ పెట్టినా ఈ తేదీని గుర్తు చేస్తారు, పోస్టర్ల మీద వేస్తారు. గుర్తు చేసుకోవాల్సిందే. అంతకు ముందు ఏడాది జూన్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ తర్వాత ఏడెనిమిది నెలలకే హైదరాబాద్ వంతు వచ్చింది.

అయితే ఆ పట్టా అందుకున్న రోజున ఆయన ఏ స్థితిలో ఉన్నారన్నది మనం తక్కువగా మాట్లాడుకుంటాం. అప్పటికి ఆయన కేంద్ర మంత్రి కాదు. రాజీనామా చేసి పదిహేను నెలలు దాటింది. మొదటి సాధారణ ఎన్నికల్లో బొంబాయిలో పోటీ చేసి ఓడిపోయారు. షుగర్ జబ్బు ఒంటిని పీల్చేస్తోంది. రాజ్యాంగం రాసినందుకు ఆయన్ని పొగుడుతున్న దేశమే, ఆయన నాలుగేళ్లు మోసిన మరో పెద్ద పనిని పక్కన పడేసింది. అదే హిందూ కోడ్ బిల్లు.

ఆ బిల్లులోని ఆస్తి హక్కు గురించి, విడాకుల గురించి మనవాళ్లు చాలా రాశారు. నేను అందులో ఒక మూలన ఉన్న విషయాన్నే తీసుకుంటున్నాను. పాతకాలం మనుషులు దాన్ని మనోవర్తి అంటారు. పత్రికలు భరణం అంటాయి. కోర్టు వరండాలో అందరూ మెయింటెనెన్స్ అనే అంటారు. భర్త నుంచి విడిపోయిన ఆడమనిషి రేపు పొద్దున ఏం తింటుంది, ఎక్కడ తల దాచుకుంటుంది, పిల్లల ఫీజు ఎవరు కడతారు అన్న ప్రశ్న అది.

నాకు ఈ ప్రశ్న లైబ్రరీలో ఎదురవలేదు. తార్నాకలో నేను అద్దెకుండే గదికి వచ్చింది. లాలాపేట నుంచి వచ్చి మా వీధిలో ఇళ్లల్లో పనిచేసే ఒక అక్కకు నేను కుటుంబ చట్టాల మీద పరిశోధన చేస్తున్నానని ఎవరో చెప్పారు. ఒక సాయంత్రం ప్లాస్టిక్ కవర్‌లో మడతపెట్టిన స్టాంపు పేపరు తెచ్చి నా చేతిలో పెట్టింది. కులపెద్దలు రాయించిన కాగితం. ఇద్దరూ ఇష్టపడే విడిపోతున్నారని, ఒకేసారి కొంత పైకం ఇచ్చి తెగతెంపులు చేసుకున్నారని, ఇక మీదట ఆమె తనకోసం గానీ పిల్లలకోసం గానీ ఏమీ అడగదని అందులో రాసి ఉంది. కింద ఆమె వేలిముద్ర. రాసిన పైకంలో సగం కూడా ముట్టలేదని ఆమె చెప్పింది. ఆ రాత్రి నేను హిందూ కోడ్ బిల్లు చర్చలను మళ్లీ తెరిచాను. మొదటిసారి చదివినప్పుడు తొందరగా దాటేసిన పేజీలన్నీ ఈసారి ఆ స్టాంపు పేపరు గురించే మాట్లాడుతున్నట్టు అనిపించింది.

అంబేద్కర్‌కు ఆడవాళ్ల ప్రశ్న మంత్రి పదవితో పాటు వచ్చింది కాదు. 1916 మే నెలలో, ఇరవై అయిదేళ్ల వయసులో, కొలంబియాలో ఒక సెమినార్‌లో ఆయన భారతదేశంలో కులాల పుట్టుక మీద ఒక పత్రం చదివారు. కులం లోపలే పెళ్లి జరగాలన్న నియమమే కులానికి ఆయువుపట్టు అన్నది ఆయన వాదన. ఆ నియమం నిలవాలంటే కులంలో పెళ్లీడు ఆడవాళ్లు, మగవాళ్లు సమాన సంఖ్యలో ఉండాలి. భర్త ముందు చనిపోతే ఒక ఆడమనిషి మిగిలిపోతుంది. ఆమె కులం బయట పెళ్లి చేసుకుంటే కట్టు తెగుతుంది. కులం లోపలే చేసుకుంటే మరో ఆడపిల్లకు దక్కాల్సిన వరుడు పోతాడు. అందుకే ఆమెను చితి మీద కాల్చడమో, బతికినంతకాలం విధవగా మూల కూర్చోబెట్టడమో చేశారు. మిగిలిపోయిన మగవాడికి మాత్రం పసిపిల్లను కట్టబెట్టారు. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఈ మూడూ కులాన్ని కాపాడే పనిముట్లని ఆయన తేల్చారు.

ఆ పత్రంలో ఆయన మాట్లాడింది వితంతువు గురించి. భర్త వదిలేసిన, లేదా భర్తను వదిలి వచ్చిన భార్యకు కూడా ఆ లెక్కే వర్తిస్తుందని నా వాదన. ఆమె కూడా పెళ్లి గడప బయట మిగిలిపోయిన మనిషే. చితి లేకపోవచ్చు. ఆకలి ఉంది. భర్త ఇల్లు దాటితే అన్నం ఉండదన్న భయం చాలు, ఆమె గడప దాటకుండా ఉండటానికి. మనోవర్తి ప్రశ్నను కుటుంబ తగాదాగా చూసేవాళ్లు ఇది కులం ప్రశ్న కూడా అని గమనించరు.

ఆయన సొంత ఇంటి సంగతి కూడా చెప్పాలి. రమాబాయితో పెళ్లి నాటికి ఆయనకు పద్నాలుగు పదిహేనేళ్లు, ఆమెకు తొమ్మిదేళ్లు ఉంటాయి. పెళ్లి బొంబాయి బైకుల్లా మార్కెట్‌లో, రాత్రి అంగళ్లు మూసేశాక జరిగింది. 1913లో ఆయన అమెరికా వెళ్లారు. తిరిగొచ్చాక మళ్లీ 1920లో కొల్హాపూర్ మహారాజు సాయంతో, ఒక స్నేహితుడి దగ్గర తెచ్చిన అప్పుతో లండన్ వెళ్లి 1923 దాకా అక్కడే ఉన్నారు. ఆ ఏళ్లన్నీ రమాబాయి పరేల్‌లోని ఒక ఇరుకు చాల్‌లో సంసారం ఈదారు. పిడకలు చేశారు, పస్తులున్నారు. పుట్టిన అయిదుగురు పిల్లల్లో నలుగురు దక్కలేదు. 1935 మే 27న ఆమె కన్నుమూశారు. తర్వాత పాకిస్తాన్ ప్రశ్న మీద రాసిన పుస్తకాన్ని అంబేద్కర్ ఆమెకు అంకితమిచ్చారు. దేశ విభజన గురించిన రాజకీయ గ్రంథాన్ని భార్యకు అంకితమివ్వడం వింతగా అనిపించవచ్చు. నాకు మాత్రం అది బాకీ ఒప్పుకోవడంలా కనిపిస్తుంది. మొగుడి చదువుకు పెట్టుబడి పెట్టినవాళ్ల లెక్కలో భార్య పేరు ఎక్కడా ఉండదు. సంస్థానాధీశుల పేర్లు, స్నేహితుల పేర్లు ఉంటాయి.

ఈ మాట మనలో మనం కూడా అనుకోవాలి. ఉద్యమంలో ఉన్న మగవాళ్ల ఇళ్లల్లో, పీహెచ్‌డీ చేసే మగవాళ్ల ఇళ్లల్లో ఈ బాకీ ఇంకా పేరుకుంటూనే ఉంది.

1927లో ఆయన బొంబాయి శాసన మండలి సభ్యుడయ్యారు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు ప్రసూతి భత్యం ఇచ్చే బిల్లు మీద మాట్లాడారు. తల్లికి ఆ సమయంలో విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు కాబట్టి ఆ ఖర్చులో ప్రభుత్వానికీ భాగం ఉండాలని, ఆమె శ్రమతో లాభపడే యజమాని కూడా భరించాలని ఆయన వైఖరి. ఇది పైకి చిన్న విషయం. కానీ మనోవర్తి వాదనకు వేరు ఇక్కడే ఉంది. ఆడమనిషి చేసే పనికి విలువ ఉంది, దానివల్ల లాభపడినవాడు ఆమె కష్టకాలంలో డబ్బు కట్టాలి, అది జాలి చూపించడం కాదు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని కాల్చినప్పుడు, 1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన దళిత మహిళల మహాసభలో మాట్లాడినప్పుడు, ఈ ఆలోచనే వేరువేరు రూపాల్లో బయటికొచ్చింది. జాతి ఎంత ముందుకు పోయిందో దాని ఆడవాళ్లను చూసి కొలుస్తానన్నది నాగపూర్‌లో ఆయన చెప్పిన సంగతి. అది మన క్యాలెండర్ల మీద ఎక్కి చాలాకాలమైంది. ఆ మాటకు చట్టం రూపం ఇవ్వబోతే ఏం జరిగిందన్నది మాత్రం క్యాలెండర్ల మీద లేదు.

అప్పటి పరిస్థితి ఏమిటో ముందు చూడాలి. పైకులాల హిందువులకు పెళ్లి సంస్కారం, తెగని బంధం. విడాకులు లేవు. భార్యను పోషించడం భర్త ధర్మమని శాస్త్రాలు చెప్పాయి, నిజమే. కానీ ఆ పోషణ భర్త ఇంటి కప్పు కింద ఉన్నంతవరకే. కొట్టినా, ఇంకో ఆడమనిషిని తెచ్చి పెట్టుకున్నా ఆ కప్పు కిందే పడి ఉంటే అన్నం దొరుకుతుంది. బయటికొస్తే సాధారణంగా అదీ లేదు. అంటే అక్కడ అన్నం ఉంది, తలుపు లేదు.

మన వాడల్లో దీనికి తలకిందుల వ్యవహారం. మాల, మాదిగ పేటల్లో, చాలా శూద్ర కులాల్లో విడిపోవడం ఆచారంగా ఉంది. పెద్దమనుషులు కూర్చుంటారు, మాట తెంచుతారు. ఆడమనిషి మారుమనువు పోవచ్చు. దీన్ని చూసి మన సంస్కృతిలో స్త్రీకి స్వేచ్ఛ ఉండేదని సెమినార్లలో గొప్పగా చెప్తుంటాం. సగం నిజం. ఆమె వెళ్లొచ్చు గానీ ఆమె వెంట డబ్బేమీ రాదు. ఓలి ఇచ్చి చేసుకున్న పెళ్లయితే ఆ ఓలి పైకాన్ని ఆమె తరఫువాళ్లే తిరిగి కట్టాల్సి వచ్చేది. పిల్లలు ఎక్కువసార్లు ఆమె దగ్గరే మిగిలేవాళ్లు. కూలికి పోతుంది కదా, ఆమె కూడు ఆమె సంపాదించుకుంటుంది కదా అన్నది పంచాయితీ తర్కం. దొర పొలంలో సగం కూలికి పనిచేసే మనిషికి ఆ సంపాదనే శిక్ష అయింది. అక్కడ తలుపు ఉంది, అన్నం లేదు.

బ్రిటిష్ కాలపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 488వ సెక్షన్ ఉండేది. భార్యాపిల్లలను గాలికొదిలేసిన మగవాడి చేత మేజిస్ట్రేట్ నెలనెలా డబ్బు కట్టించవచ్చు. మతంతో పని లేదు. అయితే అది భార్యకే గానీ విడాకులైన భార్యకు కాదు. 1946లో వచ్చిన మరో చట్టం, కొన్ని కారణాలుంటే హిందూ భార్య విడిగా ఉండి మనోవర్తి అడగవచ్చని చెప్పింది. అది విడాకుల జోలికి పోలేదు. 1949లో మద్రాసు రాష్ట్రం రెండో పెళ్లిని నిషేధించి విడాకులకు వీలు కల్పించింది. అప్పటికి కోస్తాంధ్ర, రాయలసీమ మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి అక్కడి తెలుగువాళ్లకు అది వర్తించింది. ఇలా తలా ఒక ముక్క. ముక్కలన్నీ కలిపి తలుపునూ అన్నాన్నీ ఒకే చట్టంలో పెట్టడమే హిందూ కోడ్ బిల్లు చేయబోయిన పని.

బిల్లు ముసాయిదా అంబేద్కర్ మొదలుపెట్టింది కాదు. బి.ఎన్. రావు కమిటీ 1941 నుంచి దాని మీద పనిచేసింది. 1947 ఏప్రిల్‌లో అది సభ ముందుకొచ్చింది. న్యాయశాఖ మంత్రిగా అంబేద్కర్ దాన్ని తన భుజాన వేసుకున్నారు. 1948 ఏప్రిల్ 9న సెలెక్ట్ కమిటీకి పంపాలని ప్రతిపాదిస్తూ సభకు వివరించినప్పుడు, మనోవర్తిని ఆయన విడిగా తీసుకుని చెప్పారు. భర్త ఇంట్లో ఉండని భార్యకు పోషణ అడిగే హక్కు లేదన్నది పాత సూత్రం. బిల్లు దాన్ని మారుస్తోంది. భర్తకు అసహ్యకరమైన రోగం ఉన్నా, ఉంపుడుగత్తెను పెట్టుకున్నా, క్రూరంగా చూసినా, రెండేళ్లు వదిలేసినా, వేరే మతంలోకి వెళ్లినా, లేదా విడిగా ఉండటానికి న్యాయమైన మరే కారణమున్నా ఆమె బయట ఉండి మనోవర్తి పొందవచ్చు. ఆ ఆఖరి మాటను గమనించండి. మరే కారణమైనా అనడం ద్వారా, ఆడమనిషి బతుకులో జరిగేవన్నీ ముందే జాబితా వేయలేమని చట్టం ఒప్పుకుంది. విడాకులు మంజూరైతే ఆ తర్వాతి జీవనానికి భరణం కూడా బిల్లులో ఉంది.

ఆ ప్రసంగం తర్వాత ఆరు రోజులకు, 1948 ఏప్రిల్ 15న, ఢిల్లీలోని తన ఇంట్లో ఆయన డాక్టర్ శారదా కబీర్‌ను రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. ఆమే సవితా అంబేద్కర్. మంత్రాలు లేవు. అప్పటికే సివిల్ పెళ్లి చేసుకున్న స్త్రీకి విడాకుల హక్కూ భరణం హక్కూ చట్టంలో ఉన్నాయి. మంత్రాలతో పెళ్లయిన స్త్రీకి లేవు. దేశానికి ఆయన ఇవ్వబోయినది ఆయన భార్యకు పెళ్లినాడే దక్కిందన్నమాట.

చర్చలు 1949 ఫిబ్రవరి నుంచి సాగాయి. సాగదీశారు అనాలి. వ్యతిరేకించినవాళ్లు తక్కువవాళ్లు కాదు. రాజేంద్ర ప్రసాద్‌కు బిల్లు గిట్టలేదు. శ్యామప్రసాద్ ముఖర్జీ సభలో ఎదిరించారు. బయట కర్పాత్రీ మహరాజ్ లాంటి సాధువులు ఊరేగింపులు తీశారు. అంటరానివాడు ధర్మశాస్త్రాల్లో చెయ్యి పెట్టడమేమిటన్న కోపం ఆ సభల్లో దాచుకోలేదు. విడాకులు వస్తే కుటుంబం కూలుతుందన్న వాదనకు అంబేద్కర్ ఇచ్చిన జవాబు మనకు ముఖ్యం. హిందువుల్లో అత్యధికులు శూద్రులు, వాళ్లలో ఆచార విడాకులు ఎప్పటినుంచో ఉన్నాయి, వాళ్ల కుటుంబాలు కూలిపోలేదు కదా అని ఆయన సభకు గుర్తు చేశారు. కొద్దిమంది పైకులాల పద్ధతిని అందరి ధర్మంగా చూపించడాన్ని ఆయన అలా పట్టుకున్నారు. కిందికులాల ఆచారం దేశానికి నమూనాగా పార్లమెంటులో నిలబడిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

ఇక్కడ ఆయన్ని కూడా ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది. ఆచార విడాకులను ఉదాహరణగా చూపించినప్పుడు, ఆ ఆచారంలో ఆడమనిషి చేతికి ఏమీ రాదన్న సంగతి మీద ఆయన ఎక్కువసేపు నిలవలేదు. ఎదుటివాళ్లతో గెలవాల్సిన వాదన వేరు కాబట్టి కావచ్చు. తర్వాత వచ్చిన 1955 చట్టం 29వ సెక్షన్‌లో ఆచార విడాకులను అలాగే ఉంచింది. మంచిదే, లేకపోతే వాడల్లో సగం మారుమనువులు చెల్లకుండా పోయేవి. కానీ ఆ సందులోంచే స్టాంపు పేపరు కూడా బతికింది.

1951 సెప్టెంబర్‌లో బిల్లు మళ్లీ సభకొచ్చింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి. నెహ్రూ మాట మెత్తబడింది. పెళ్లి, విడాకుల భాగం వరకైనా దాటిద్దామన్నారు, తర్వాత అదీ వదిలేశారు. అన్నేళ్ల చాకిరీకి నాలుగు క్లాజులు పాసయ్యాయి. సెప్టెంబర్ 27న అంబేద్కర్ రాజీనామా రాశారు. అక్టోబర్‌లో సభలో తన కారణాలు చెప్పబోతే, ప్రకటన ప్రతిని ముందుగా ఇవ్వాలని డిప్యూటీ స్పీకర్ పట్టుబట్టారు. ఆయన ఒప్పుకోలేదు. లేచి బయటికి నడిచి, ఆ ప్రకటనను పత్రికలవాళ్లకు ఇచ్చారు. రాజీనామాకు ఆయన చెప్పిన కారణాలు ఇంకా ఉన్నాయి. వెనుకబడిన వర్గాలను పట్టించుకోకపోవడం ఉంది, విదేశాంగ విధానం ఉంది. కానీ కులానికి కులానికి మధ్య, ఆడకు మగకు మధ్య ఉన్న అసమానతను ముట్టుకోకుండా ఆర్థిక చట్టాలు చేసుకుంటూ పోవడం పేడకుప్ప మీద మేడ కట్టడమేనన్న అభిప్రాయం ఈ బిల్లు గురించే ఆయన రాసింది.

ఆ మనిషికే 1953 జనవరిలో ఉస్మానియా పట్టా ఇచ్చింది.

క్యాంపస్ దారిలోనే, విద్యానగర్ వైపు, ఆంధ్ర మహిళా సభ ఉంది. దాన్ని 1937లో మద్రాసులో మొదలుపెట్టిన దుర్గాబాయి రాజ్యాంగ సభలో అంబేద్కర్‌తో పాటు కూర్చున్న తెలుగు సభ్యురాలు, హిందూ కోడ్ బిల్లును సమర్థించినవారిలో ఒకరు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే పెద్దయ్యాక ఆ కాపురానికి వెళ్లనని తేల్చి చదువుకున్న మనిషి ఆమె. తండ్రీ తమ్ముడూ ఆమె పక్షాన నిలిచారు కాబట్టి ఆమె అన్నానికి వెతుక్కోవాల్సి రాలేదు. అందరికీ అలాంటి పుట్టిల్లు ఉండదు. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసొచ్చి, మన దేశంలోనూ అలాంటివి కావాలని నెహ్రూతో, న్యాయమూర్తులతో మాట్లాడింది ఆమే. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981లోనే చనిపోయారు. ఈ దేశంలో ఆడవాళ్ల చట్టాలు అడిగినవాళ్లు పోయాకే వస్తాయేమో.

అంబేద్కర్ విషయంలో అక్షరాలా అదే జరిగింది. ఆయన బిల్లును నాలుగు ముక్కలు చేసి ఒక్కొక్కటిగా చట్టం చేశారు. హిందూ వివాహ చట్టం 1955 మే 18న వచ్చింది. అందులో 24వ సెక్షన్ కేసు నడిచేటప్పుడు ఖర్చులకూ జీవనానికీ, 25వ సెక్షన్ శాశ్వత భరణానికీ. ఆదాయం లేని భర్త కూడా అడగవచ్చు. అయితే భరణం తీసుకునే భార్య మళ్లీ పెళ్లి చేసుకున్నా, శీలవతిగా లేదని రుజువైనా ఆర్డర్‌ను మార్చవచ్చని 25లోనే ఒక మెలిక పెట్టారు. మనోవర్తిని హక్కుగా రాసిన చేతే దాన్ని మంచి నడవడికకు ఇచ్చే బహుమానంగా మార్చింది. 1956 జూన్‌లో వారసత్వ చట్టం, ఆగస్టులో గార్డియన్‌షిప్ చట్టం. అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్నారు. డిసెంబర్ 6న ఢిల్లీలో కన్నుమూశారు. దత్తత, మనోవర్తి చట్టం డిసెంబర్ 21న వచ్చింది. సరిగ్గా పదిహేను రోజుల తేడా. 1948లో ఆయన సభలో లెక్కపెట్టి చెప్పిన కారణాలు కొంచెం మారి అందులో 18వ సెక్షన్‌గా ఉన్నాయి.

ఆ చట్టం బౌద్ధులకు కూడా వర్తిస్తుంది. కాబట్టి ఆయన వెంట బౌద్ధం తీసుకున్న కుటుంబాల్లోని భార్యలకు ఆ హక్కు పోలేదు. తెలుగు నేల మీద మన కథ ఇంకోలా ఉంది. ఇక్కడ మాల మాదిగ కుటుంబాలు పెద్ద సంఖ్యలో చర్చికి వెళ్తాయి, సర్టిఫికెట్‌లో హిందువులుగా ఉంటాయి. ఎందుకో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు. భర్త మతం మారితే భార్య విడిగా ఉండి మనోవర్తి అడగవచ్చని 18వ సెక్షన్ చెప్తుంది. భార్య మతం మారితే ఆ చట్టం కింద ఆమె హక్కే పోతుందని అదే సెక్షన్, 24వ సెక్షన్ చెప్తాయి. క్రైస్తవ స్త్రీకి 1869 నాటి విడాకుల చట్టం ఉంది. కేసు నడిచే కాలంలో ఆమెకిచ్చే భరణం భర్త ఆదాయంలో అయిదో వంతు దాటకూడదన్న పరిమితి 2001 దాకా అందులో కొనసాగింది.

లాలాపేట అక్క కాగితం దగ్గరికి వస్తాను. ఆమె పెళ్లి చర్చిలో జరిగింది, సర్టిఫికెట్ హిందూ ఎస్సీ. ఏ మతం చట్టం కింద వెళ్లినా అవతలి వకీలు మొదట పట్టుకునేది అదే. అందుకే మతం అడగని దారిలో వెళ్లాలి. పాత 488వ సెక్షన్ 1973 కోడ్‌లో 125 అయింది. విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీని కూడా అప్పుడే భార్య అన్న మాటలో చేర్చారు. నెలకు 500 రూపాయలు మించకూడదన్న పరిమితిని 2001లో తీసేశారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. ఆమె ఇప్పుడు ఉంటున్న ఊళ్లోనే వేయవచ్చు. మధ్యంతర భరణం మీద, నోటీసు అందిన అరవై రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలి. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు, దరఖాస్తు వేసిన తేదీ నుంచే భరణం లెక్కకట్టాలని, ఇద్దరూ ఆస్తులూ అప్పులూ అఫిడవిట్‌లో చూపాలని చెప్పింది. కట్టకపోతే వారంట్, ఆపైన జైలు కూడా ఉంది. అయితే బకాయి పడిన ఏడాదిలోపు అడగాలి.

స్టాంపు పేపరులో అసలు విషం, ఇద్దరూ ఇష్టపడి విడిగా ఉంటున్నారన్న వాక్యం. పరస్పర ఒప్పందంతో విడిగా ఉంటున్న భార్యకు భరణం రాదని ఆ సెక్షన్‌లోనే ఉంది. కులపెద్దలకు రాసిచ్చిన నోటరీకి ఆ సంగతి తెలుసు, వేలిముద్ర వేసినామెకు తెలియదు. దీనికీ జవాబుంది. పరస్పర సమ్మతితో విడాకులు పొందిన స్త్రీకి ఆ అడ్డంకి వర్తించదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. భరణం అడగనని ముందుగా రాసిచ్చినంత మాత్రాన హక్కు పోదని హైకోర్టులు పలుమార్లు చెప్పాయి. పిల్లల హక్కును తల్లి రాసివ్వనే లేదు. మన తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో, మొదటి భర్తతో కోర్టు విడాకులు లేకుండా ఒప్పంద పత్రంతోనే విడిపోయిన స్త్రీకి రెండో భర్త భరణం కట్టాల్సిందేనని 2025 జనవరి 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆమె మొదటి పెళ్లి సంగతి తెలిసే అతను చేసుకున్నాడు కాబట్టి తప్పించుకోలేడంది. ఆచారం తెరిచిన తలుపులోంచి బయటికొచ్చిన మనిషికి చట్టం అన్నం పెట్టిన తీర్పు అది. వాడల్లో పనిచేసేవాళ్లు దాన్ని చదివి దగ్గర పెట్టుకోవాలి.

వకీలు ఫీజుకు భయపడాల్సిన పని కూడా లేదు. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. అక్క రెండు విధాలుగా అర్హురాలు. మేమిద్దరం ఒక సోమవారం తార్నాక నుంచి బస్సెక్కి వెళ్లాం. దరఖాస్తు రాసుకున్న అమ్మాయి పేరు, వయసు, పని, పిల్లల సంఖ్య అడిగింది. పని అన్నచోట అక్క కాసేపు ఆలోచించి, మూడిళ్లల్లో అంట్లు తోముతానని, తన ఇంట్లో కూడా పదహారేళ్లు అదే చేశానని చెప్పింది. ఆ అమ్మాయి మొదటిదే రాసుకుంది. మతం గురించి ఎవరూ అడగలేదు. కేసు వాయిదా వచ్చే నెలలో ఉంది.